స్కాన్ అయిపోయాక మొదలైన పని: ఒక వృక్షశాస్త్ర ఆచార్యుడి కాగితాలు

శాస్త్రవేత్తల ఇళ్లలో మిగిలిపోయిన కాగితాలను సర్ది, జాబితా రాసి, చదవాలనుకునేవాళ్లకు అందేలా చేయడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక కేసు. ఆచార్యుడి పేరు, కాలేజీ, ఊరు, కుటుంబం వివరాలు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని సంగతులు మార్చాను. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మేము వెళ్లేసరికే కాగితాలన్నీ స్కాన్ అయ్యాయి. కుటుంబం దృష్టిలో పని అయిపోయింది, ఇక ఒరిజినల్స్ తీసేయడమే మిగిలింది. కానీ పరిశోధకుడు వేసే మామూలు ప్రశ్నకు కూడా ఆ స్కాన్లలో జవాబు దొరకదు. "ఈ మొక్క ఏ కొండ మీద, ఏ నెలలో, ఎవరు చూపిస్తే దొరికింది?" అని అడిగితే చెప్పలేం. కాగితం మీది బొమ్మ మిగిలింది, కాగితాల మధ్య సంబంధం తెగిపోయింది. దాన్ని మళ్లీ కలపడానికి ఏం చేశామో, ఏది పనికి రాలేదో రాస్తున్నాను.

నేపథ్యం

ఆచార్యుడు 1950ల మధ్య నుంచి 1980ల వరకు రాయలసీమలోని ఒక కాలేజీలో బోటనీ చెప్పారు. సెలవులు రాగానే శేషాచలం, వెలికొండలు, నల్లమల తిరిగి మొక్కలు సేకరించేవారు. ప్రచురించింది తక్కువ. ఆయన పనంతా నోట్‌బుక్కుల్లో, హెర్బేరియం షీట్లలో (ఎండబెట్టిన మొక్కలను అతికించిన మందపాటి కాగితాల్లో), ఉత్తరాల్లో ఉంది. మన దగ్గర చాలామంది కాలేజీ అధ్యాపకుల శాస్త్రం ఇలాగే ఉంటుంది. పెద్ద జర్నల్స్‌లో పేరు కనబడదు కాబట్టి కాగితాలకు విలువ లేదనుకుంటారు. నిజానికి పేపర్లు అచ్చు కాని చోటే ఆర్కైవ్ అవసరం ఎక్కువ, ఎందుకంటే ఆ సమాచారం ఇంకెక్కడా ఉండదు.

మొక్కల సేకరణ ఎలా జరుగుతుందో చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కొమ్మ కోయగానే దానికి ఒక వరస నంబరు పడుతుంది. ఆ నంబరు కింద నోట్‌బుక్‌లో స్థలం, ఎత్తు, పువ్వు రంగు, వాసన, స్థానిక పేరు రాస్తారు. ఎండాక రంగూ వాసనా పోతాయి కాబట్టి ఇవి అక్కడికక్కడే రాయాలి. కొమ్మను పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ప్రెస్సులో బిగించి ఆరబెడతారు. ఆరాక మందపాటి షీటు మీద అతికించి లేబుల్ పెడతారు. డూప్లికేట్లను కోయంబత్తూరులో బొటానికల్ సర్వే వాళ్ల మద్రాస్ హెర్బేరియానికి పంపితే, అక్కడి నిపుణులు తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి పేరు ఖరారు చేస్తూ ఉత్తరం రాస్తారు. నోట్‌బుక్, షీటు, ఉత్తరం, ఫోటో నెగటివ్ నాలుగు చోట్ల ఉంటాయి. వాటిని కలిపేది ఆ ఒక్క నంబరే.

మా దాకా వచ్చిన సమస్య

ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది. కూతురు అదే ఊళ్లో ఉంటారు, కొడుకు అమెరికాలో. "అన్నీ స్కాన్ చేయించు, డ్రైవ్‌లో పెడదాం, అందరూ చూసుకోవచ్చు" అని కొడుకు చెప్పడంతో ఆవిడ కాగితాలన్నీ దగ్గరలోని జిరాక్స్ షాపులో ఇచ్చారు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. తండ్రి పని పోకూడదనే తాపత్రయమే వాళ్లది. కాలేజీ వాళ్లకు మాత్రం హెర్బేరియం షీట్లు చాలు. అవి వాళ్ల డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాయి, మిగతా కాగితాలు పెట్టుకోవడానికి చోటు లేదన్నారు.

షాపులో స్కానింగ్‌కి వీలుగా గుండుసూదులు పీకేశారు, ట్యాగులు విప్పేశారు. కొన్ని నోట్‌బుక్కుల కుట్లు కూడా విప్పారు. తర్వాత సైజు ప్రకారం కట్టలు కట్టారు. ఉత్తరాలన్నీ ఒక చోట, నోట్‌బుక్కు పేజీలన్నీ ఒక చోట, కార్డులన్నీ ఒక చోట. ఏ ఉత్తరం ఏ నోట్‌బుక్‌లో మడిచి పెట్టి ఉండేదో చెప్పే ఆధారం అలా పోయింది. పీడీఎఫ్‌లు బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్నాయి. నోట్‌బుక్‌లో నీలం సిరా అడవిలో రాసింది, ఎరుపు సిరా తర్వాత పేరు ఖరారయ్యాక చేర్చింది. పీడీఎఫ్‌లో రెండూ ఒకే నలుపు. పెన్సిల్‌తో రాసింది చాలాచోట్ల కనబడనే లేదు.

కాలేజీ వైపు ఇంకో చిక్కు ఉంది. 1990ల తర్వాత ఎప్పుడో షీట్లకు కొత్త అక్సెషన్ నంబర్లు (సంస్థ తన జాబితా కోసం వేసుకునే నంబర్లు) వేసి, పాత లేబుళ్ల మీద కొత్త లేబుళ్లు అతికించారు. నోట్‌బుక్‌లో ఉన్నది ఆచార్యుడి నంబరు, షీటు మీద కనిపించేది కాలేజీ నంబరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదు.

మొదటి నిర్ణయాలు

అన్నిటికంటే ముందు ఒరిజినల్స్ బయటికి పోకుండా ఆపాలి. "డిజిటల్ కాపీ ఒరిజినల్‌కి ప్రత్యామ్నాయం కాదు" అని సూత్రం చెబితే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. అందుకే ఒక నోట్‌బుక్ పేజీనీ దాని పీడీఎఫ్‌నీ పక్కపక్కన పెట్టి కూతురికి చూపించాను. ఒరిజినల్‌లో ప్రతి పంక్తి చివర, కుడి అంచుకు ఆనుకుని, పెన్సిల్‌తో చిన్న తెలుగు అక్షరం ఉంది: 'ప', 'గు', 'చి' ఇలా. మిగతా పేజీలో ఎక్కువ భాగం ఇంగ్లీషే. పీడీఎఫ్‌లో ఆ అంచు కత్తిరించి ఉంది. "ఇవేంటి?" అని ఆవిడ అడిగారు. మాకూ తెలియదు. తెలియకపోవడమే ఒరిజినల్ ఉంచుకోవడానికి బలమైన కారణమని చెప్పాను. ఏది ముఖ్యమో ముందే తెలిస్తే దాన్నే స్కాన్ చేసుకుని ఊరుకోవచ్చు. ఆ రోజు సాయంత్రమే ఆవిడ అన్నయ్యతో మాట్లాడి, కాగితాలు ఏడాది పాటు ఎక్కడికీ పోవని మాట ఇచ్చారు.

రెండో నిర్ణయం భద్రతకు సంబంధించింది. ఆ తరం హెర్బేరియాల్లో పురుగు పట్టకుండా నమూనాలకు మెర్క్యూరిక్ క్లోరైడ్ పట్టించేవారు. అది పాదరసం విషం. దశాబ్దాల తర్వాత కూడా షీట్ల మీద ఉంటుంది, కాగితం మీద బూడిద రంగు మరకలుగా కనబడుతుంది. ఇంట్లో అటక మీద ప్రెస్సు పక్కన లేబుల్ చెరిగిన సీసాలు ఉన్నాయి. వాటిని మేము ముట్టుకోలేదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వాళ్లను పిలిచి, ప్రమాదకర వ్యర్థాలకు ఉండే పద్ధతిలో తీసుకెళ్లమన్నాం. షీట్లు చూసేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్, గాలి ఆడే గది, చేతులు కడగకుండా టీ తాగకూడదన్న నియమం పెట్టాం. ఇంటి నుంచి వచ్చిన నోట్‌బుక్కులకూ ఇవే వర్తింపజేశాం. పాత హెర్బేరియం దగ్గర పనిచేసే విద్యార్థులకు ఈ సంగతి చాలాచోట్ల ఎవరూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పురుగు సంగతి కూడా అప్పుడే చూసుకున్నాం. ట్రంకు పెట్టెలో కలరా ఉండల వాసన గుప్పుమన్నా, అడుగు కట్టల్లో సిల్వర్‌ఫిష్, సిగరెట్ బీటిల్ రెండూ ఉన్నాయి. మందు కొట్టడం కంటే చల్లదనం మేలు. కాగితాలను పాలిథీన్ కవర్లలో గాలి లేకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాం. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ కాగితం మీద నీరుగా చేరుతుంది. నెగటివ్‌లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టలేదు. వెనిగర్ వాసన వస్తున్న అసిటేట్ ఫిల్మ్ అది. దాన్ని వేరే గదికి మార్చాం, ఎందుకంటే ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మ్‌నీ కాగితాన్నీ కూడా పాడుచేస్తుంది.

పనికి రానివి

ఉన్న స్కాన్లతోనే ముందుకు వెళ్లొచ్చేమో అని చూశాం. గడువు తక్కువ కాబట్టి అది ఆలోచించదగ్గ దారే. పీడీఎఫ్‌లను చేతిరాత గుర్తించే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాం. ఒకే పంక్తిలో లాటిన్ మొక్క పేరు, ఇంగ్లీషు వర్ణన, తెలుగు స్థానిక పేరు, అడుగుల్లో ఎత్తు, ఆయన సొంత సంక్షిప్తాలు. వచ్చిన టెక్స్ట్‌ని సరిదిద్దడానికి పట్టే సమయం మొదటి నుంచి టైపు చేయడానికి పట్టే సమయం కంటే ఎక్కువైంది. అచ్చు పుస్తకాలకు బాగా పనిచేసేది ఇక్కడ కూడా చేస్తుందన్న ఆశ వదులుకున్నాం.

తర్వాత ఎమ్మెస్సీ విద్యార్థుల చేత ఎత్తి రాయించాం. వాళ్లకు మొక్కలు తెలుసు, ఉత్సాహమూ ఉంది. రెండు కట్టలు పూర్తయ్యాక సరిచూస్తే విషయం బయటపడింది. వాళ్లు ఎత్తి రాయడంతో ఆగలేదు, సరిదిద్దుతున్నారు కూడా. నల్లతుమ్మకు ఆచార్యుడు అకేసియా అని రాస్తే, విద్యార్థి వాచెలియా అని రాశాడు. ఇప్పటి శాస్త్రం ప్రకారం విద్యార్థి రాసిందే సరి. అకేసియా అన్న పేరును ఆస్ట్రేలియా జాతులకు వదిలేసే నిర్ణయం 2005 వియన్నా అంతర్జాతీయ వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో జరిగి 2011లో మెల్‌బోర్న్‌లో ఖాయమైంది. కానీ మేము భద్రపరుస్తున్నది ఆయన ఆ రోజు ఏమనుకున్నారన్నది. ఆయన ఒక మొక్కను తప్పుగా గుర్తించి, రెండేళ్ల తర్వాత కోయంబత్తూరు ఉత్తరం చూసి ఎర్ర సిరాతో కొట్టేసి ఉంటే, ఆ తప్పు, ఆ ఉత్తరం, ఆ దిద్దుబాటు కలిసే శాస్త్ర చరిత్ర అవుతుంది. అది చెరిగిపోతే మిగిలేది మొక్కల జాబితా మాత్రమే. అలాంటి జాబితాలు మనకు వేరే చాలా ఉన్నాయి. విద్యార్థుల్ని మానేయమనలేదు. పట్టికలో రెండు గడులు పెట్టాం. మొదటి గడిలో పేజీ మీద ఉన్నది ఉన్నట్టు, అక్షరదోషంతో సహా. రెండో గడిలో ఇప్పటి పేరు, దాన్ని చేర్చిన వాళ్ల పేరు, తేదీ. దాంతో వాళ్ల పరిజ్ఞానమూ పనికొచ్చింది.

వరుసను తిరిగి నిలబెట్టడం

ఆర్కైవ్స్ పనిలో పాత నియమం ఒకటుంది. కాగితాలను పోగుచేసిన మనిషి ఏ వరుసలో ఉంచుకున్నాడో ఆ వరుసను గౌరవించాలి. 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు తమ మాన్యువల్‌లో రాసినప్పటి నుంచి ఇది మా వృత్తికి పునాది. ఇక్కడ ఆ వరుస చెదిరిపోయింది. మనకు నచ్చిన కొత్త వరుస పెట్టడమా, పోయిన పాత వరుసను వెతకడమా అన్నది అసలైన నిర్ణయం. మొక్కల కుటుంబాల ప్రకారం సర్దితే బోటనీ వాళ్లకు వీలుగా ఉంటుందని కాలేజీ సలహా ఇచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆయన ఆలోచన కుటుంబాల వారీగా నడవలేదు, యాత్రల వారీగా నడిచింది. ఒక యాత్ర, ఒక నోట్‌బుక్, ఆ యాత్ర తాలూకు ఉత్తరాలు, ఖర్చుల చీటీలు. కుటుంబం వారీగా వెతకడం పట్టిక చేసి పెట్టగలదు. యాత్ర వరుస మాత్రం ఒకసారి పోతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి కట్టలేదు.

వెతకడానికి ఆధారాలు కాగితాల మీదే ఉన్నాయి. గుండుసూది తుప్పు మరకలు వాటిలో ఒకటి. ఒక ఉత్తరం మూల మీది తుప్పు చుక్క, నోట్‌బుక్కు పేజీ మీది తుప్పు చుక్క ఒకే ఎత్తులో, ఒకే ఏటవాలులో ఉంటే అవి రెండూ ఒకే సూదికి గుచ్చి ఉండేవని దాదాపు చెప్పొచ్చు. షాపులో సూదులు పీకేసినా మరకలు పోలేదు. ఒరిజినల్స్ పారేసి ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

తేదీ లేని కాగితాలకు తపాలా, పరిపాలన చరిత్ర సాయం చేసింది. చిరునామాలో పిన్ కోడ్ ఉంటే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15 తర్వాతది. స్టాంపు నయాపైసల్లో ఉంటే 1957 తర్వాతది. లేబుల్ మీద 'ఒంగోలు జిల్లా' అని ఉందంటే చాలా ఇరుకైన కాలం దొరికినట్టే. ఆ జిల్లా 1970లో ఏర్పడింది, 1972లోనే ప్రకాశం జిల్లా అయింది. నల్లమల గిద్దలూరు వైపు సేకరించిన ఒక కట్టకు తేదీ అలాగే దొరికింది. ఎత్తు అడుగుల్లో ఉందా మీటర్లలో ఉందా అన్నదాన్ని మాత్రం నమ్మలేదు. మెట్రిక్ పద్ధతి వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆయన అడుగుల్లోనే రాశారు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి ఎవరూ కాగితాలుగా లెక్కపెట్టని కాగితాలు. అటక మీద ప్రెస్సులో ఇంకా అతికించని మొక్కలు కొన్ని, ఆరబెట్టిన న్యూస్‌పేపర్ల మధ్యే ఉండిపోయాయి. పేపర్ అంచున ఆయన చేతిరాతలో సేకరణ నంబరు ఉంది. పేపర్ మీద అచ్చయిన తేదీ ఉంది. ఆ తేదీకి ముందు ఆ మొక్కను ప్రెస్సులో పెట్టే వీలు లేదు. అలా నంబర్ల వరుసలో అక్కడక్కడా గట్టి తేదీలు దొరికాయి. రెండు తేదీల మధ్య నంబర్లు ఏ యాత్రవో దాంతో తేలింది. ఈ పాత పేపర్లను ఇంట్లోవాళ్లు చిత్తుకు వేయడానికి పక్కన పెట్టారు. ఇలాంటి ఇంట్లో అడుగుపెట్టగానే చిత్తుకాగితాల కుప్పను ముందు చూడడం నాకు అలవాటు, ఈసారీ అది ఫలించింది.

షీట్ల వైపు చిక్కు కొంత తేలిగ్గానే వీడింది. కొత్త లేబుళ్లు పిండి జిగురుతో అతికించినవి. లేబుల్ ఊడదీయాల్సిన పని లేదు. షీటును వెనక నుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే కింది పాత లేబుల్ మీది నంబరు చాలావాటిలో కనబడింది. కనబడని వాటిని అలాగే వదిలేశాం. విషం ఉన్న షీటు మీద నీటి పని చేయడానికి తగిన ల్యాబ్ మా దగ్గర లేదు.

అంచున ఉన్న అక్షరాలు

ఆచార్యుడితో పాటు యాత్రలకు వెళ్లిన హెర్బేరియం అటెండర్ రిటైరై, పక్క మండలంలో ఉన్నారు. కూతురు ఆయన్ని చిన్నప్పటి నుంచి 'మామా' అనే పిలుస్తారు, ఆవిడే తీసుకొచ్చారు. నోట్‌బుక్కు పేజీలు రంగుల్లో, అంచులతో సహా మళ్లీ ఫోటో తీసి ఉంచుకున్నాం. ఒరిజినల్ ఆయన ముందు పెట్టి, సంభాషణ రికార్డు చేసుకుంటామని అడిగి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం.

ముందు క్యాంపుల గురించి అడిగాను. ఏ ఫారెస్టు బంగళా, నీళ్లు ఎక్కడ, రాత్రి ప్రెస్సు పేపర్లు ఎవరు మార్చేవారు. ఇలా చేతి పని గురించి అడిగితే జ్ఞాపకం బాగా కదులుతుంది. "సారు చాలా గొప్పవారు" లాంటి మాటలు దాటి అసలు సంగతులు వస్తాయి. తర్వాత పేజీ అంచు చూపించాను.

"ఇది సారు రాసింది కాదమ్మా, నేను రాసినా" అన్నారాయన. "ఎవరు చూపించినారో గుర్తు కోసరం. కూలి ఇచ్చేటప్పుడు తేడా రాగూడదు గదా."

ఆ అక్షరాలు దారి చూపిన యానాది, చెంచు మనుషుల పేర్ల మొదటి అక్షరాలు. ఎవరు ఏ మొక్క చూపించారో, ఆ పూట ఎవరికి కూలి ఇవ్వాలో లెక్క కోసం అటెండర్ పెట్టుకున్న గుర్తు. హెర్బేరియం లేబుల్ మీద సేకరించినవారి పేరు ఆచార్యుడిది ఒక్కటే ఉంటుంది. ఉత్తరాల్లోనూ అంతే. ఆ మొక్కల గురించి తెలిసిన మనుషుల జాడ ఈ సేకరణ మొత్తంలో మిగిలింది ఆ అంచు మీదే, అదీ కూలి లెక్క రూపంలో. ఖర్చుల చీటీల్లో కొన్ని పూర్తి పేర్లు ఉన్నాయి. అక్షరాలనూ చీటీలనూ తేదీలతో సరిపోల్చితే చాలామందిని గుర్తించగలిగాం. అటెండర్ జ్ఞాపకం ఒక్కదాన్నే ఆధారం చేసుకోలేదు. చీటీతో కలిసిన పేర్లను 'నిర్ధారితం' అనీ, ఆయన మాట మీదే ఆధారపడ్డ వాటిని 'మౌఖికం' అనీ పట్టికలో వేరుగా గుర్తించాం.

ఆ తర్వాత మా పట్టికకు చివరి రూపం వచ్చింది. ఒక్కో సేకరణ నంబరుకు ఒక వరుస. అందులో నోట్‌బుక్కు పేజీ, కాలేజీ షీటు నంబరు, కోయంబత్తూరు ఉత్తరం, నెగటివ్, చూపించిన మనిషి, ప్రతి సంబంధానికీ ఆధారం. ఏ గడి ఖాళీగా ఉంటే అది ఖాళీగానే ఉంటుంది, ఊహతో నింపకూడదు. కేటలాగును అంతర్జాతీయ ఆర్కైవల్ వర్ణన ప్రమాణం ప్రకారం యాటమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా, అసలు విలువంతా ఈ పట్టికలోనే ఉంది. ఇలాంటి అవసరం మొక్కలకే పరిమితం కాదు. కొడైకెనాల్ అబ్జర్వేటరీలో 1904 నుంచి తీసిన సూర్యుడి ఫోటో ప్లేట్లు డిజిటైజ్ అయ్యాయి. ఏ ప్లేటు ఏ రోజు ఏ సమయంలో తీసిందో, సూర్యుడి ఉత్తర దిశ ఎటో తెలిస్తేనే వాటి నుంచి సూర్యచక్రాల (సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే కాలాల) లెక్క తీయగలరు.

ఏది అందరికీ, ఏది కొందరికి

భద్రపరచడం కంటే పంచుకోవడం దగ్గరే ఎక్కువసేపు చర్చించుకున్నాం. కొడుకు కోరిక అంతా ఓపెన్‌గా పెట్టాలని. సూత్రంగా నాదీ అదే వైపు. కానీ ఈ నోట్‌బుక్కుల్లో శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే పేరిత ఉంది. సైకస్ బెడ్డోమీ అంటారు, అంతర్జాతీయ వాణిజ్య నిషేధ జాబితా అయిన సైటిస్ మొదటి అనుబంధంలో ఉన్న మొక్క. దాని మగ శంకువులను మందుల కోసం కోసి అమ్ముతారు. ఆచార్యుడు ఏ వాగు పక్కన, ఏ బండ కింద ఎన్ని మొక్కలున్నాయో కూడా రాశారు. ఎర్రచందనం గురించి చెప్పనక్కర్లేదు. ఈ పేజీల్లో స్థలం వివరాలు కప్పేసి బొమ్మను బహిరంగంగా ఉంచాం. పూర్తి పేజీ కావాలంటే రీడింగ్ రూమ్‌కి వచ్చి, పని ఏమిటో రాసిచ్చి చూడాలి. కప్పేసిన సంగతిని కేటలాగులో స్పష్టంగా రాశాం. రహస్యంగా కప్పితే రేపు చదివేవాళ్లు పేజీ అంతే అనుకుంటారు.

మందుగా వాడే పద్ధతులున్న పేజీలను ప్రస్తుతానికి మూసే ఉంచాం. పసుపు గాయాలు మానుస్తుందన్న దానిపై 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత రాతల్ని సాక్ష్యంగా చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. రాసి ఉన్న సాక్ష్యం రక్షణ ఇస్తుందని దీన్ని బట్టి వాదించొచ్చు, కుటుంబం అలాగే వాదించింది. నా అభిప్రాయం వేరు. పసుపు వాడకం దేశమంతా ఎరిగింది. ఇక్కడున్నది నలుగురైదుగురు మనుషులు అడవిలో నడుస్తూ చెప్పింది. వాళ్ల వారసులను అడగకుండా బయట పెట్టే హక్కు మాకు లేదు. అంచు మీది పేర్ల విషయంలోనూ వాళ్ల కుటుంబాలతో మాట్లాడుతున్నాం. ఇప్పటిదాకా కలిసినవాళ్లలో ఎక్కువమంది పేరు పూర్తిగా రాయమనే అన్నారు. వాళ్లు ఒప్పుకున్న చోట షీటు రికార్డులో సేకరణకర్త పక్కన 'మార్గదర్శి' అన్న గడిలో ఆ పేరు చేరింది.

ఉత్తరాల్లో కాపీరైట్ గొడవ ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవాళ్లది, అందులోని రాత మీద హక్కు రాసినవాళ్లది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది రచయిత మరణం తర్వాత కూడా చాలా ఏళ్లు ఉంటుంది. కాబట్టి ఏ ఉత్తరం, ఎవరు, ఎప్పుడు, ఏ నంబర్ల గురించి అన్నది అందరికీ తెలిసేలా కేటలాగులో పెట్టి, బొమ్మలను అనుమతి దొరికిన వాటికే పెట్టాం. ఒక విద్యార్థి నడవడి గురించి ఉన్న రెండు ఉత్తరాలను పాతికేళ్లు మూసి ఉంచమని సిఫారసు చేశాను.

ఎక్కడ ఉంచాలి

బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధనా సంస్థ అయిన ఎన్‌సీబీఎస్ ఆర్కైవ్స్ 2019 నుంచి సమకాలీన భారతీయ శాస్త్రం తాలూకు కాగితాలు సేకరిస్తోంది. వసతులూ, అనుభవమూ ఉన్నచోటు. అక్కడికి పంపడమే మేలని నాకూ మొదట అనిపించింది. కానీ షీట్లు కాలేజీలో, అటెండర్, మార్గదర్శుల కుటుంబాలు ఇక్కడ. కాగితాలు దూరం పోతే మేము ఇన్ని నెలలు కష్టపడి కలిపిన సంబంధాలు మళ్లీ పటం మీద తెగుతాయి. చివరికి అదే ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీ గది ఇచ్చింది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే పద్ధతి వద్దని గట్టిగా చెప్పాం. రోజూ తేమ పెరిగి తగ్గడం కాగితానికి ఒకే తీరు వేడి కంటే ఎక్కువ చేటు. మందపాటి గోడలున్న ఉత్తరం వైపు గది, ఫ్యాను, తేమ కొలిచే మీటరు, యాసిడ్ లేని అట్టపెట్టెలు. అంతే.

డిజిటల్ మాస్టర్లు మూడు చోట్ల ఉన్నాయి. వాటిలో ఒకటి వేరే నగరంలో. ప్రతి ఫైలుకూ, అది చెడితే పట్టిచ్చే సంఖ్య అయిన చెక్‌సమ్ రాసి ఉంచి, ఏడాదికోసారి సరిచూడాలని లైబ్రరీతో ఒప్పందం. మన తీరానికి ఈ పాఠం పాతదే. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ తన తొలినాటి సేకరణను ఉప్పెనలో పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయన భారతీయ చిత్రకారులతో గీయించిన రెండున్నర వేలకు పైగా మొక్కల బొమ్మల ఒక ప్రతి కలకత్తాలో, ఇంకో ప్రతి లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఉంది.

పాఠాలు

ఇలాంటి కుటుంబాలు ఫోన్ చేసినప్పుడు నేను ఇప్పుడు మొదట అడిగేది ఏదీ కదపవద్దని. ఫోన్ కెమెరాతో గది, బీరువా, అరలు, పెట్టె లోపలి పొరలు ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి పంపమంటాను. ఖర్చు లేదు, అరపూట పని. ఆ ఫోటోలే ఉంటే ఈ కేసులో తుప్పు మరకల వెనక పడాల్సిన అవసరం సగం తగ్గేది. స్కానింగ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. చేసినప్పుడు రంగుల్లో, పేజీ అంచు దాటి నేపథ్యం కొంచెం కనిపించేలా తీయాలి. ఏదీ కత్తిరించలేదని చూసేవాళ్లకు తెలియాలి.

పెద్ద శాస్త్రవేత్త పక్కన పనిచేసిన మనిషి బతికుంటే, పెట్టెలు విప్పకముందే ఆయన దగ్గరికి వెళ్లాలి. అటెండర్, డ్రైవర్, టైపిస్టు, ల్యాబ్ అసిస్టెంట్. కాగితం వందేళ్లు ఆగుతుంది, డెబ్బై దాటిన మనిషి జ్ఞాపకం ఆగదు. వనరులు తక్కువైతే ఫ్రీజర్ కంటే, స్కానర్ కంటే ముందు ఆ రికార్డింగ్‌కే ఖర్చు పెట్టమంటాను.

ఉపయోగం కూడా మొదలైంది. ఒక పరిశోధక విద్యార్థిని నోట్‌బుక్కుల్లో పూత తేదీలను అవే కొండల్లో ఇప్పటి పూతతో పోలుస్తోంది. అమెరికాలో కాంకర్డ్ ఊరి చుట్టూ రచయిత థోరో 1850ల్లో రాసుకున్న పూత తేదీలను జీవశాస్త్రవేత్త రిచర్డ్ ప్రైమాక్ బృందం వాతావరణ మార్పు అధ్యయనానికి వాడింది. మన కొండలకూ అలాంటి పాత లెక్క ఉందని ఆమెకు మా పట్టిక చూశాకే తెలిసింది. నంబరు నుంచి తేదీకి, తేదీ నుంచి చోటుకు దారి ఉండడం వల్లే ఆమె పని సాధ్యమైంది.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. 1960ల నాటి రెండు నోట్‌బుక్కుల నంబర్లకు షీట్లు దొరకలేదు. డూప్లికేట్లు కోయంబత్తూరులో ఉన్నాయేమో చూడమని రాశాం. నెగటివ్‌లలో కొన్ని ముడుచుకుపోతున్నాయి, ముందు వాటినే డిజిటైజ్ చేస్తున్నాం. చెంచు కుటుంబాల్లో కొందరిని ఇంకా కలవాలి. అటెండర్ ఈ వేసవి తర్వాత మాతో పాటు వస్తానన్నారు.